‘సేవ్ అయినది’ అన్న మాట ఎంతవరకు నిజం?

బాన్సువాడలో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు పదవ తరగతి భౌతికశాస్త్రానికి ప్రశ్నపత్రం తయారు చేస్తున్నాడనుకోవచ్చు. ఆయన కంప్యూటరులో వ్రాతపనికి ప్రత్యేకమైన ప్రోగ్రామేదీ లేదు. బ్రౌజరు తెరచి, అందులో కనిపించే తెల్లని పుట మీద తెలుగులో టైపు చేస్తున్నాడు. వ్రాస్తున్నంతసేపు పుట పైభాగాన చిన్న అక్షరాలలో ఒక వాక్యం మారుతూ ఉంటుంది. మొదట ‘సేవ్ అవుతున్నది’ అని, మరుక్షణం ‘సేవ్ అయినది’ అని. ఆయన ఆ వాక్యాన్ని నమ్మి, కంప్యూటరు కట్టివేసి తరగతికి పోతాడు. ఏది సేవ్ అయినది? ఎక్కడ? ఎన్ని చోట్ల? ఈ మూడు ప్రశ్నలలో ఒక్కదానికైనా ఆ వాక్యం సమాధానం చెప్పదు.

వెబ్ ఎడిటరులను తీసిపారవేయడం ఈ విమర్శ ఉద్దేశం కాదు. వాటి వలన కలిగిన మేలు చాల గొప్పది. 2005లో రైట్లీ, జోహో రైటర్ వంటివి బయలుదేరాయి. రైట్లీని గూగుల్ సంస్థ 2006లో కొని దానినే గూగుల్ డాక్స్‌గా మార్చింది. అంతకుముందు వ్రాసినదానిని దాచడం వ్రాసేవాడి బాధ్యత. అయిదు నిమిషాలకొకసారి గుర్తుంచుకొని మీట నొక్కవలసిందే. నొక్కడం మరచిన రోజునే కరెంటు పోయేది. రెండు గంటల శ్రమ దానితో పోయేది. వెబ్ ఎడిటరు ఆ బాధ్యతను తన నెత్తిన వేసుకున్నది. అయితే బాధ్యతతో పాటు తెలివిడిని కూడ తీసుకున్నది. పూర్వం మీట నొక్కినవాడికి తన పత్రం ఏ డిస్కు మీద, ఏ ఫోల్డరులో, ఏ పేరుతో ఉన్నదో తెలిసేది. ఇప్పటివాడికి అది తెలియదు, తెలుసుకోవలసిన అవసరం ఉన్నట్లు కూడ తోచదు. ఆ మీట బొమ్మ మాత్రం ఇంకా పాత ఫ్లాపీ డిస్కు బొమ్మే. సోనీ సంస్థ ఫ్లాపీల అమ్మకాన్ని 2011లో మానివేసింది. నేటి పదవ తరగతి విద్యార్థి ఆ వస్తువును ఎన్నడూ చూచి ఉండడు.

మాట వలన భ్రమ కలుగుతుందన్నది ఊహ కాదు, అనుభవం మీద తేలిన సంగతి. వికీపీడియా అనే విజ్ఞానసర్వస్వం కూడ బ్రౌజరులోనే వ్రాయబడుతుంది. దాని తెలుగు శాఖ 2003 డిసెంబరులో మొదలయినది. వ్యాసం దిద్దినవారు చివర నొక్కవలసిన మీట మీద చాల ఏళ్ళపాటు ‘పేజీని సేవ్ చేయి’ అనే అర్థం వచ్చే మాట ఉండేది. కొత్తవారు దానిని నొక్కితే తమ చిత్తుప్రతి తమకోసం దాగి ఉంటుందనుకునేవారు. నిజానికి ఆ క్షణంలోనే అది లోకానికంతకు వెల్లడి అయ్యేది. నిర్వాహకులు ఈ పొరపాటును గుర్తించి, 2016-17 ప్రాంతంలో ఆ మాట తీసివేసి ‘ప్రచురించు’ అన్న మాట పెట్టారు. మీట చేసే పని ఏమీ మారలేదు. పేరు మారింది, జరిగే పని ఏమిటో నొక్కేవాడికి తెలిసింది. క్లౌడ్‌లో పత్రాలు దాచే ఎడిటరులకు ఇటువంటి దిద్దుబాటు ఇంకా జరుగలేదు.

‘క్లౌడ్’ అన్న పేరు కూడ ఈ భ్రమకు తోడ్పడుతున్నది. ఇంజనీర్లు నెట్‌వర్కు పటాలు గీసేటప్పుడు, అవతలి వివరాలు తమకు అనవసరమైన చోట ఒక మబ్బు బొమ్మ వేసి వదిలిపెట్టేవారు. అనగా ఆ బొమ్మకు అసలు అర్థం ‘ఇక్కడ ఏమున్నదో ఇప్పుడు అడగవద్దు’ అని. ఆ బొమ్మ పేరే తరువాత వ్యాపారపు పేరయినది. భారత ప్రభుత్వం తన క్లౌడ్‌కు ‘మేఘరాజ్’ అని పేరు పెట్టినది. పేరు సొగసుగానే ఉన్నది. కాని తెలుగువారికి మేఘం నిలకడకు గుర్తు కాదు. మబ్బులో నీళ్ళు చూచి ముంతలో నీళ్ళు ఒలకబోసుకొన్నట్లు అన్న సామెత ఊరూరా ఉన్నదే. నిజమైన క్లౌడ్ భూమి మీది కట్టడం: గోడలు, యంత్రాల వరుసలు, వాటిని చల్లబరచే ఏర్పాట్లు, కరెంటు పోతే ఆదుకొనే బ్యాటరీలు, డీజిలు జనరేటర్లు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదులో తెరచిన క్లౌడ్ ప్రాంతం అటువంటిదే. అందులో ఒకదానికొకటి దూరంగా మూడు మండలాలు ఉన్నాయి. పిల్లలకు పోలిక చెప్పవలసి వస్తే మేఘం కన్న చెరువు నయం. బాన్సువాడవారికి ఇంకా దగ్గరి పోలిక ఉన్నది. మంజీర మీద 1923-31 సంవత్సరాల మధ్య కట్టిన నిజాంసాగర్ నుండి కాలువ ద్వారా ఆ ప్రాంతపు పొలాలకు నీరు వస్తుంది. ఆనకట్ట వద్ద తూము ఎత్తడం ఒక పని, కాలువలో నీరు పారడం ఒకటి, మడిలో నీరు నిలవడం ఇంకొకటి. తూము ఎత్తగానే ‘పొలం తడిసింది’ అని ఏ రైతూ అనడు. వెబ్ ఎడిటరు మాత్రం ఆ మూడింటికీ ఒకే మాట వాడుతున్నది.

ఒక అక్షరం చేసే ప్రయాణాన్ని వెంబడిస్తే ఈ మాట స్పష్టమవుతుంది. ఉపాధ్యాయుడు ‘బాన్సువాడ’ అని టైపు చేశాడు. కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు. కంప్యూటరుకు అవి తొమ్మిది సంకేతాలు: బ, దీర్ఘం, న, హల్లును కలిపే పొల్లు, స, ఉకారం, వ, దీర్ఘం, డ. యూనికోడ్ పద్ధతిలో ప్రతి సంకేతానికి ఒక సంఖ్య ఉన్నది. తెలుగుకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ‘బ’ సంఖ్య 3116. దాచేటప్పుడు, పంపేటప్పుడు సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. కావున ఊరి పేరుకు 27 బైట్లు. అదే పేరును ఇంగ్లీషులో వ్రాస్తే 8 అక్షరాలు, 8 బైట్లు. ఇది విని తెలుగు పత్రాలకు స్థలం చాలదేమోనని భయపడనక్కరలేదు. ఒక పుటకు 2000 సంకేతాలు వేసుకొన్నా 6000 బైట్లే. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లలో అటువంటి పుటలు 25 లక్షలు పడతాయి. ఇబ్బంది స్థలంతో కాదు.

మీట నొక్కిన వెంటనే ఆ బైట్లు చేరేది ఆ కంప్యూటరులోని పని జ్ఞాపకంలోకి. కరెంటు ఉన్నంతవరకే దాని ఆయుస్సు. కొన్ని ఎడిటరులు అక్కడి నుండి ఒక ప్రతిని బ్రౌజరుకు చెందిన సొంత గిడ్డంగిలో, అనగా అదే కంప్యూటరు డిస్కు మీద, వ్రాసి ఉంచుతాయి. ఈ ఏర్పాటు అన్ని ఎడిటరులలో లేదు. ఉన్నవాటిలో కూడ కొన్నిటిలో ముందుగా కోరి పెట్టుకోవాలి. బ్రౌజరులోని పాత సమాచారాన్ని తుడిచివేస్తే ఆ గిడ్డంగి కూడ తుడిచిపెట్టుకొని పోతుంది. ఆ తరువాతది నెట్‌వర్కు ప్రయాణం. గాజుతీగలో కాంతి వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. సర్వరు హైదరాబాదులో ఉన్నదనుకొంటే, సుమారు 150 కిలోమీటర్ల దూరానికి సెకనులో వెయ్యవ వంతు కూడ పట్టదు. ఆలస్యమంతా మధ్యలోని యంత్రాల వద్ద, బలహీనమైన మొబైలు సంకేతం వద్ద జరుగుతుంది. సర్వరు ఆ బైట్లను తీసుకొని, తన వద్ద వ్రాసుకొని, ‘అందినది’ అని తిరుగు జాబు పంపుతుంది. ఆ జాబు వచ్చిన తరువాతనే ‘సేవ్ అయినది’ అనడం న్యాయం. మంచి ఎడిటరులు అలాగే చేస్తాయి. కొన్ని మాత్రం బ్రౌజరు గిడ్డంగిలో వ్రాయగానే ఆ మాట అనేస్తాయి. చదివేవాడికి తేడా తెలిసే మార్గం లేదు.

ప్రతి మీటకు పత్రమంతా పంపుతారని చాలమంది అనుకొంటారు. అలా చేస్తే ఇద్దరు కలిసి ఒక పత్రం వ్రాయడం సాధ్యమే కాదు. పంపేది మార్పు మాత్రమే: ‘మూడవ స్థానంలో ఈ సంకేతం చేర్చు’, ‘పదవ స్థానంలోనిది తీసివేయి’ అన్నట్లు. ఇక్కడ ఒక చక్కని చిక్కు ఉన్నది. ఒక ఉపాధ్యాయుడు మూడవ స్థానంలో ఒక సంకేతం చేర్చిన క్షణంలోనే, వేరొక చోట కూర్చున్న మరొకరు పదవ సంకేతాన్ని తీసివేశారు. మొదటి మార్పు ముందుగా సర్వరును చేరితే, రెండవవారు తీసివేయదలచినది ఇప్పుడు పదకొండవ స్థానానికి జరిగి ఉంటుంది. ఆజ్ఞను ఉన్నదున్నట్లు అమలు చేస్తే వేరే సంకేతం ఎగిరిపోతుంది. కనుక సర్వరు రెండవ ఆజ్ఞలోని 10ని 11గా దిద్ది అమలు చేయాలి. ఈ దిద్దుబాటు పద్ధతిని ఎలిస్, గిబ్స్ అనే శాస్త్రజ్ఞులు 1989లో ప్రతిపాదించారు. గూగుల్ డాక్స్ దీనినే అనుసరించింది. ఇద్దరు విద్యార్థులను నిలబెట్టి, చీటీల వరుసతో తరగతిలో ఆడించి చూపదగిన ఆట ఇది. గణితం పాఠంలో కూడ పనికివస్తుంది.

సర్వరు చేరిన పత్రం అక్కడైనా క్షేమమేనా? ఇక్కడ మాత్రం ఇంజనీర్లను మెచ్చుకొనక తప్పదు. గూగుల్ ఇంజనీర్లు 2003లో తమ నిల్వ పద్ధతిని వివరిస్తూ ప్రచురించిన వ్యాసంలో, డిస్కులు చెడిపోవడం అరుదైన ప్రమాదం కాదు, రోజూ జరిగే పని అని మొదటనే ఒప్పుకొని, దానికి తగినట్లు కట్టడం ఆరంభించారు. సాధారణంగా ప్రతి భాగానికీ వేరువేరు యంత్రాల మీద మూడు ప్రతులు. ప్రతి 64 కిలోబైట్ల ముక్కకూ ఒక తనిఖీ సంఖ్య. తనిఖీ సంఖ్య అనగా ఆ ముక్కలోని బైట్లన్నిటినీ ఒక లెక్క ప్రకారం కలిపి తీసిన చిన్న సంఖ్య. చదివేటప్పుడు మళ్ళీ లెక్క కట్టి పాత సంఖ్యతో పోల్చుతారు. సరిపోకపోతే ఆ ప్రతి చెడినదని తెలిసి, మంచి ప్రతి నుండి కొత్తది తయారు చేస్తారు. పత్రాన్ని నిలిపే ఈ సూత్రం తెలుగువారికి కొత్తది కాదు. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒక్కొక్క తెలుగు గ్రంథానికి అనేక తాళపత్ర ప్రతులు సేకరించి, పండితులచేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. ఒక ప్రతిలో చెద తిన్న చోటు మరొక ప్రతిలో నిలిచి ఉండేది. క్లౌడ్ యంత్రాలు ఆ పనినే మనిషి ప్రమేయం లేకుండా, అతివేగంగా చేస్తున్నాయి.

ఇంతవరకు వచ్చిన తరువాత ప్రకటనల్లో కనిపించే ఒక సంఖ్యను పరిశీలించాలి. అమెజాన్ 2006లో ప్రారంభించిన ఎస్-3 అనే నిల్వ సేవ ఒక సంవత్సరంలో 99.999999999 శాతం వస్తువులు నిలిచేటట్లు రూపొందించబడినదని ఆ సంస్థ చెబుతుంది. కోటి ఫైళ్ళు దాస్తే, సగటున పదివేల ఏళ్ళకు ఒక ఫైలు పోవచ్చునన్నమాట. సంఖ్య అబద్ధం కాదు. కాని అది దేని సంభావ్యతో చూడాలి. డిస్కులు చెడడం వలన పోయే ఫైళ్ళ లెక్క అది. ఉపాధ్యాయుడు పొరపాటున తానే చెరిపివేసిన పత్రం, పాస్‌వర్డ్ మరచిపోయి పోగొట్టుకొన్న ఖాతా, సంస్థ మూసివేసిన ఖాతా ఆ లెక్కలో చేరవు. పాఠశాలల్లో పత్రాలు పోయేది ఎక్కువగా ఈ దారులలోనే. సంభావ్యత పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

మరి ప్రతులన్నీ ఒకే కప్పు క్రింద ఉంటే ఏమవుతుందో ఇటీవల లోకం చూచింది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం-అయాన్ బ్యాటరీల వద్ద మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు పత్రాలు దాచుకొనే జీ-డ్రైవ్ అనే క్లౌడ్ అందులో కాలిపోయింది. పోయిన సమాచారం 858 టెరాబైట్లు. పైన వేసిన లెక్కతో తెలుగు పుటలుగా చూస్తే 14,000 కోట్ల పుటలకు పైమాటే. నిల్వ పరిమాణం మరీ పెద్దదని చెప్పి దానికి బయట ఎక్కడా రెండవ ప్రతి ఉంచలేదు. ఉద్యోగుల కంప్యూటర్లలో మిగిలిన ఫైళ్ళు, ఈ-మెయిళ్ళు, అచ్చువేసిన కాగితాలు వెదకి కొంత తిరిగి కూర్చుకోవలసి వచ్చింది. ముంతలో నీళ్ళు ఒలకబోయనివారే అప్పుడు ఆదుకొన్నారు. అంతకుముందు 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ భవనం కాలినప్పుడు కూడ, వేరొకచోట ప్రతి ఉంచుకొనని ఖాతాదారులు నష్టపోయారు. ఆ కొరియా ఉద్యోగుల తెరల మీద కూడ ప్రతిరోజూ ‘సేవ్ అయినది’ అనే అర్థం వచ్చే మాటే కనిపించి ఉంటుంది. ఆ మాట చెప్పిన యంత్రం అబద్ధమాడలేదు. తనకు తెలిసినంతవరకే చెప్పింది.

ఎడిటరు ఒకరిది, గిడ్డంగి మరొకరిది అయినప్పుడు వ్యవహారం ఇంకా చిక్కుపడుతుంది. ఇది చాల పాఠశాలల్లోను, కార్యాలయాల్లోను కనబడే ఏర్పాటు. ఎడిటరు పుట తన సర్వరు నుండి వస్తుంది. పత్రం మాత్రం వినియోగదారుని గూగుల్ డ్రైవ్‌లోనో, మరొక నిల్వలోనో చేరాలి. ఎడిటరుకు పాస్‌వర్డ్ ఇవ్వడం ప్రమాదం. అందుకని గిడ్డంగి యజమాని ఒక అనుమతి చీటీ జారీ చేస్తాడు. ఈ పద్ధతికి ఓఆత్ అని పేరు. దాని రెండవ రూపం 2012లో ప్రమాణంగా ప్రకటితమయినది. చీటీకి గడువు ఉంటుంది, తరచుగా ఒక గంట. గడువు తీరిన చీటీతో పోతే గిడ్డంగి తలుపు తెరవదు. కొత్త చీటీ తెచ్చుకోవడంలో ఎడిటరు విఫలమయితే, వ్రాసినది ఎడిటరు సర్వరులో ఉంటుంది, గిడ్డంగిలో ఉండదు. ఏమీ విఫలం కాకపోయినా ఆలస్యం ఉండవచ్చు. ఓన్లీఆఫీస్ అనే ఎడిటరు మామూలు ఏర్పాటులో, పత్రాన్ని తెరచిన చివరి వ్యక్తి దానిని మూసిన సుమారు 10 సెకండ్ల తరువాతనే పూర్తి పత్రాన్ని గిడ్డంగికి అప్పగిస్తుంది. ముందుగానే పంపే ఏర్పాటు కూడ అందులో ఉన్నది, కాని దానిని నిర్వాహకుడు పెట్టాలి. ఇది లోపమని అనలేము. మార్పు జరిగినప్పుడల్లా పత్రమంతా కట్టి పంపడం దుబారా. అయితే గిడ్డంగిలోని పాత ప్రతిని ఆ మధ్యలో ప్రధానోపాధ్యాయుడు తెరచి అచ్చు వేయించవచ్చు. ఎడిటరు తెరలో దిద్దిన ప్రశ్న ఉంటుంది, విద్యార్థి చేతిలో దిద్దని ప్రశ్న ఉంటుంది. అనుమతి చీటీలో మరొక సంగతి కూడ చూడాలి. తాను సృష్టించిన ఫైళ్ళను మాత్రమే ముట్టుకొనే చీటీ ఒకటి, గిడ్డంగినంతా తెరచి చూపే చీటీ మరొకటి. తెర మీద ‘అనుమతించు’ అన్న మీట రెంటికీ ఒకేలా ఉంటుంది. పైన వ్రాసినది చదివి నొక్కేవారు తక్కువ.

ఇక పత్రాన్ని చేతికి తెచ్చుకొందామనుకొన్నవారికి ఎదురయ్యే వింత ఒకటున్నది. గూగుల్ డ్రైవ్‌ను డెస్క్‌టాప్ కంప్యూటరుతో జతపరిస్తే, డాక్స్ పత్రాలు ఫోల్డరులో ఫైళ్ళవలె వరుసగా కనిపిస్తాయి. వాటి పేర్ల చివర జీడాక్ అనే తోక ఉంటుంది. ఉపాధ్యాయుడు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకొని నిశ్చింతగా ఉంటాడు. ఆ ఫైలులో పత్రం లేదు, పత్రం ఉన్నచోటికి చిరునామా మాత్రమే ఉన్నది. ఖాతా పోయిన రోజున ఆ చిరునామా ఎవరూ లేని ఇంటికి వ్రాసిన జాబు వంటిది. అసలు పత్రం కావాలంటే డౌన్‌లోడ్ మెనూకు పోయి వర్డ్ రూపంలోనో, పీడీఎఫ్ రూపంలోనో దింపుకోవాలి. చిరునామాలు దాచడం దానంతట అది తప్పు కాదు. 2015లో ప్రభుత్వం తెచ్చిన డిజీలాకర్‌లో సంస్థలు జారీ చేసే ధ్రువపత్రాలు కూడ చాలవరకు ఇటువంటి లంకెలే. అసలు జారీచేసిన సంస్థ వద్దనే ఉంటుంది. అక్కడ అది గుణం, ఎందుకంటే నకిలీకి తావుండదు. సొంత రచన విషయంలో అదే ఏర్పాటు దోషమవుతుంది.

పాఠశాలల్లో తరచు ఒకే ఈ-మెయిలు ఖాతాను అందరూ వాడుతారు. పాస్‌వర్డ్ ఒకరి డైరీలో ఉంటుంది, తిరుగు సంకేతం ఒకరి ఫోనుకు వస్తుంది. ఆ ఒకరు బదిలీ అయి పోతే పదేళ్ళ ప్రశ్నపత్రాలూ ఆయన ఫోనుతోనే పోతాయి. రెండేళ్ళపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను, అందులోని పత్రాలతో సహా, తొలగించవచ్చునని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ డిసెంబరు నుండి అమలు ఆరంభించింది. డ్రైవ్ చెత్తబుట్టలో వేసినది 30 రోజుల తరువాత శాశ్వతంగా పోతుంది. చెరపడం కూడ ఒక మార్పే కనుక, ఎడిటరు దానిని కూడ ఎంతో విశ్వాసంగా అన్ని ప్రతులలోను ‘సేవ్’ చేస్తుంది. పత్రం పాత రూపాలను చూపే చరిత్ర పట్టిక చాల ఎడిటరులలో ఉన్నది. దానిని ఒక్కసారైనా తెరచి చూచినవారికే ఆపదలో అది గుర్తుకు వస్తుంది.

తెలుగుకే ప్రత్యేకమైన నష్టం వేరొకటి. డీటీపీ దుకాణాల్లో చాల ఏళ్ళుగా వాడుతూ వచ్చిన అను వంటి పాత ఫాంటులు యూనికోడ్‌ను అనుసరించవు. వాటిలో తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీద కూర్చోబెట్టారు. అటువంటి పత్రాన్ని క్లౌడ్‌లో వేసి వెబ్ ఎడిటరులో తెరిస్తే, ఫాంటు లేనందున అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. తనిఖీ సంఖ్యలన్నీ సరిపోతాయి, మూడు ప్రతులూ క్షేమంగా ఉంటాయి, ఒక్క బైటు కూడ పోదు. పాఠం మాత్రం చదవరాదు. కనుక పాత పాఠాలను క్లౌడ్‌కు చేర్చేవారు ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి. మార్పిడి సాధనాలు దొరుకుతాయి, వాటి ఫలితాన్ని మాత్రం మనిషి చదివి సరిచూడాలి.

ఎడిటరులు తయారుచేసేవారిని కోరదగినది కష్టమైన పని కాదు. ఒక మాటకు బదులు మూడు మాటలు చాలు: ఈ కంప్యూటరులోనే ఉన్నప్పుడు ‘ఇక్కడ ఉన్నది’, సర్వరు జాబు వచ్చినప్పుడు ‘చేరినది’, గిడ్డంగిలో పూర్తి ప్రతి వ్రాయబడి తనిఖీ అయినప్పుడు ‘నిలిచినది’. ఏ గిడ్డంగిలోనో పేరు కూడ ప్రక్కన వేయవచ్చు. తెలుగులోకి ఈ ఎడిటరుల మాటలను దించేవారు ఇంగ్లీషు మాట వెనుక పరుగెత్తక, జరిగే పనిని చూచి పేరు పెడితే, ఈ విషయంలో తెలుగు తెరలు ఇంగ్లీషు తెరల కన్న మెరుగుగా ఉండగలవు.

అంతవరకు ఉపాధ్యాయులు తరగతిలోనే ఈ పరీక్ష చేసి చూపవచ్చు. వెబ్ ఎడిటరులో ఒక కొత్త పత్రం తెరచి రెండు వాక్యాలు వ్రాయాలి. ‘సేవ్ అయినది’ అని వచ్చిన తరువాత నెట్ కనెక్షను తీసివేసి మూడవ వాక్యం వ్రాయాలి. తెర మీది మాట మారిందా, మారకుండా అలాగే ఉన్నదా, ఎంతసేపటికి మారింది అన్నది విద్యార్థులు గడియారం చూచి వ్రాసుకోవాలి. పిదప ఆ పుట మూసివేయబోతే బ్రౌజరు హెచ్చరిస్తుందో లేదో చూడాలి. మూసి, కనెక్షను తిరిగి పెట్టి, అదే పత్రాన్ని మరొక కంప్యూటరులో తెరవాలి. మూడవ వాక్యం అక్కడ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. లేకపోతే మొదటి కంప్యూటరులో మళ్ళీ తెరచి, కొంతసేపు ఆగి, రెండవదానిలో మరల చూడాలి. ఇదే పరీక్షను రెండు మూడు వేరువేరు ఎడిటరులతో చేసి ఫలితాలను పట్టికగా గోడ మీద అంటిస్తే, ఆ పాఠశాలలో ఎవరు ఏ ఎడిటరును ఎంతవరకు నమ్మవచ్చునో ఆ పట్టికే చెబుతుంది.